హైదరాబాద్ నుంచి డాలస్‌కు విమాన టికెట్టు కొనే ముందు, కొన్న తరువాత

హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా వెళ్ళే విమానం లేదు. 2021 జనవరిలో ఎయిరిండియా షికాగోకు నేరుగా సర్వీసు మొదలుపెట్టినప్పుడు మనవాళ్ళు చాలా సంబరపడ్డారు గాని, అది నిలబడలేదు. కాబట్టి శంషాబాద్‌లో ఎక్కినవారు దారిలో కనీసం ఒక్కచోటైనా విమానం మారక తప్పదు. ఈ ప్రయాణానికి టికెట్టు కొనడమంటే అసలు ఎక్కడ మారాలో, ఎంతసేపట్లో మారాలో తేల్చుకోవడమే. చాలామంది ముందుగా ధరల పట్టిక తెరిచి, అన్నిటికంటే పైన కనిపించినదానికి డబ్బు కట్టేసి, ఆ తరువాత దారి ఎలా ఉందో చూసుకుంటారు. ప్రయాణించేది ఎవరు, వారికి ఇంగ్లీషు ఏమాత్రం వచ్చు, ఎంతదూరం నడవగలరు, ఏకబిగిన ఎన్ని గంటలు కూర్చోగలరు అన్నవి ముందు అనుకుంటే, పట్టికలో సగం విమానాలు వాటంతటవే పక్కకు పోతాయి.

దారులు ప్రధానంగా రెండు. మొదటిది గల్ఫ్ మీదుగా: దుబాయ్‌కో దోహాకో సుమారు నాలుగు గంటలు, అక్కడినుంచి డాలస్‌కు ఒకే విమానంలో దాదాపు పదహారు గంటలు. రెండోది ఐరోపా మీదుగా: లండన్‌కో ఫ్రాంక్‌ఫర్ట్‌కో తొమ్మిది పది గంటలు, అక్కడినుంచి మరో పది పదకొండు గంటలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి పదహారు గంటల ప్రయాణం నరకంలా ఉంటుంది, ప్రయాణాన్ని రెండు సమాన భాగాలుగా చేసే ఐరోపా దారి వారికి నయం. అయితే లండన్ హీత్రూలో దిగే టెర్మినల్ ఒకటి, ఎక్కే టెర్మినల్ మరొకటి కావచ్చు. అలాంటప్పుడు బస్సెక్కి వెళ్ళి మళ్ళీ సెక్యూరిటీ తనిఖీకి నిలబడాలి. అబుదాబిలో ఇంకో వెసులుబాటు ఉంది. అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు 2014 నుంచి అక్కడే పూర్తి చేస్తున్నారు కనుక, అమెరికాలో దిగాక స్వదేశీ ప్రయాణికుల్లాగా బయటికి నడిచి రావచ్చు. కాని అబుదాబి మీదుగా డాలస్‌కు చేరాలంటే సాధారణంగా అమెరికాలోనే మరొక ఊళ్ళో మారాల్సి వస్తుంది. తొలిసారి ఒంటరిగా వెళ్ళే అమ్మానాన్నలకు రెండు మార్పుల టికెట్టు, ఎంత చవకగా దొరికినా, నేను కొనను.

అమెరికా లోపల మారడమంటే మరో చిక్కు కూడా ఉంది. అబుదాబిలోలాగా ముందే తనిఖీలు అయిపోతే తప్ప, మొదట అడుగుపెట్టిన అమెరికా విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ ముగించుకుని, పెట్టెలు బెల్టు మీదినుంచి దించుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించాలి. శంషాబాద్‌లో పెట్టెలకు డాలస్ వరకు ట్యాగు వేసినా ఈ పని తప్పదు. ఇమిగ్రేషన్ వరుస ఒక్కోరోజు అరగంటలో కదులుతుంది, ఒక్కోరోజు రెండు గంటలు పడుతుంది. అందుచేత అలాంటి చోట మూడు గంటలకన్నా తక్కువ వ్యవధి ఉన్న టికెట్టు తీసుకోవద్దు. దుబాయ్, దోహాల్లో యువకులకు రెండు గంటలు చాలు; పెద్దవారికి మూడు నాలుగు గంటలుంటే మూత్రశాలకు వెళ్ళి, కాఫీ తాగి, గేటు వెతుక్కునే తీరిక దొరుకుతుంది.

ట్రాన్సిట్ వీసా సంగతి ధర చూసేముందే తేల్చుకోవాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే, లండన్‌లోగాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోగాని విమానాశ్రయం దాటకుండా మారడానికి భారతీయులను వేరే వీసా అడగరు. చిక్కంతా వీసా గడువు ముగిసి, స్టాంపింగ్ కోసం, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడానికి, ఇండియాకు వచ్చే హెచ్-1బీ ఉద్యోగులకే. అమెరికాలో ఉద్యోగానికి అనుమతి ఇచ్చారని తెలిపే ఐ-797 కాగితం వారి చేతిలో ఉన్నా, పాస్‌పోర్టులోని స్టాంపు కాలం చెల్లితే ఐరోపా మీదుగా వచ్చేటప్పుడు విమానం ఎక్కనివ్వకపోవచ్చు. గల్ఫ్ మీదుగా రావడమో, ఆ దేశపు రాయబార కార్యాలయం సైటులో అప్పటి నిబంధన చూసుకుని కొనడమో చేయాలి.

మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉండాలన్నది నేను ఎప్పుడూ సడలించని షరతు. హైదరాబాద్–దుబాయ్ ఒక టికెట్టు, దుబాయ్–డాలస్ ఇంకొక టికెట్టుగా విడివిడిగా కొంటే కొన్ని వేలు మిగలవచ్చు. మొదటి విమానం ఆలస్యమైతే మాత్రం రెండోదాన్ని నడిపే సంస్థకు మీతో సంబంధం ఉండదు, కొత్త టికెట్టు మీరే కొనుక్కోవాలి. ఒకే టికెట్టయితే తరువాతి విమానంలో ఎక్కించే బాధ్యత వారిది. విశాఖ నుంచో గన్నవరం నుంచో హైదరాబాద్‌కు విడిగా టికెట్టు తీసుకునేవారు ముందురోజే వచ్చి బంధువుల ఇంట్లోనో హోటల్లోనో ఉండడం మేలు.

ఇక ధర. ఒకే విమానంలో ఎకానమీ సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. వాటిని కొన్ని తరగతులుగా విడగొట్టి, చవక తరగతి అయిపోగానే పై తరగతి తెరుస్తారు. నలుగురికి ఒకేసారి వెతికితే, చవక తరగతిలో మూడు సీట్లే మిగిలి ఉన్నప్పుడు, సాధారణంగా నలుగురికీ పై ధరే చూపిస్తారు. కాబట్టి ముందు ఒక్కరికి వెతికి, ఆ తరువాత సంఖ్య పెంచుతూ చూడండి. బ్రౌజర్ చరిత్ర చెరిపేస్తే ధర తగ్గుతుందన్న మాటను నేను పట్టించుకోను. మే, జూన్ నెలల్లో స్నాతకోత్సవాలకు వెళ్ళే తల్లిదండ్రులతోను, ఆగస్టులో విద్యార్థులతోను ఇటునుంచి అటు రద్దీ ఉంటుంది. డిసెంబరులో అటునుంచి ఇటు ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి మొదటివారాల్లో ధరలు దిగుతుంటాయి. విజిటర్ వీసా మీద వెళ్ళేవారికి సాధారణంగా ఆరు నెలల బస ఇస్తారు, అయినా ఎంతకాలమన్నది అక్కడి అధికారి నిర్ణయం; రానుపోను టికెట్టులో తిరుగు తేదీని ఆ లోపలే పెట్టుకుని, తేదీ మార్పుకు అనుమతి ఉన్న రకాన్నే తీసుకోండి. మనవణ్ణి చూడడానికి వెళ్ళిన ఏ అమ్మమ్మా అనుకున్న తేదీకి తిరిగి రాలేదు.

ధరలు పోల్చడానికి ఏ సైటైనా సరే, కొనడం మాత్రం ఎయిర్‌లైన్ సైటులోనే మంచిది. అమెరికా రవాణా శాఖ నియమం ప్రకారం, ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా తీసుకున్న టికెట్టు విషయంలో, 24 గంటల్లోగా రుసుము లేకుండా రద్దు చేసుకునే వీలో, డబ్బు కట్టకుండానే అదే ధరకు 24 గంటలు ఆపి ఉంచే వీలో ఆ సంస్థ కల్పించాలి. కొనేముందు ఆ రెండింట్లో ఏది ఇస్తున్నారో చదవండి.

ఆ నియమం విలువ నాకు మా అమ్మ టికెట్టుతో తెలిసివచ్చింది. అమ్మ జీవితమంతా ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసి, చుక్క పెట్టి, పక్కన పేరు రాసి సంతకం చేసింది. అలవాటులో నేనూ సర్‌నేమ్ గడిలో ఆ ఒక్క అక్షరమే కొట్టాను. రాత్రి పదకొండింటికి ధృవీకరణ మెయిలును పాస్‌పోర్టు పక్కన పెట్టి చూస్తే, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పేరు ముందు ‘వెంకట’ కూడా ఉంది. వెంటనే రద్దు చేసి, సరైన పేరుతో మళ్ళీ కొన్నాను. అప్పటినుంచి పాస్‌పోర్టు చివరి పేజీని కాదు, ఫొటో ఉన్న పేజీని ఎదురుగా పెట్టుకుని, అక్షరం అక్షరం చదువుతూ కొడుతున్నాను. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవారు టికెట్టుపై ఏం రాయాలన్నది ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది. డబ్బు కట్టకముందే వారికి ఫోన్ చేసి అడగాలి.

తేదీని కూడా అంతే జాగ్రత్తగా చదవాలి. గల్ఫ్ వైపు విమానాల్లో చాలావరకు తెల్లవారుజామునే బయల్దేరుతాయి. టికెట్టుపై మంగళవారం 4.15 అని ఉంటే, ఇంటినుంచి కదలాల్సింది సోమవారం రాత్రి. మంగళవారం రాత్రి భోజనం చేసి విమానాశ్రయానికి వచ్చినవారి కథలు మన ఊళ్ళల్లో వినబడుతూనే ఉంటాయి. డాలస్ గడియారం మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, వెళ్ళేటప్పుడు తెల్లవారుజామున బయల్దేరి అదే తేదీన సాయంత్రంలోగా దిగవచ్చు. వచ్చేటప్పుడు మాత్రం క్యాలెండరులో ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు దాటిపోతాయి. స్వాగతానికి వచ్చే పిల్లలకు తేదీతో సహా చెప్పండి.

టికెట్టు చేతికొచ్చాక భోజనం, వీల్‌చెయిర్, సీటు చూసుకోవాలి. శాకాహారులు ‘హిందూ మీల్’ అన్న పేరు చూసి మోసపోవద్దు. చాలా సంస్థల్లో అది గొడ్డుమాంసం లేని మాంసాహారం మాత్రమే. ‘ఏషియన్ వెజిటేరియన్’ అన్నదాన్ని ఎంచుకోవాలి. వీల్‌చెయిర్ ఉచితం, కనీసం 48 గంటల ముందు చెప్పాలి. నడవగలిగిన పెద్దవారికి సైతం నేను దాన్ని అడుగుతాను, ఎందుకంటే కుర్చీ తోసే మనిషి గేటు దాకా దారి కూడా చూపిస్తాడు. సీటు నడవ పక్కన, మూత్రశాలకు మరీ ఆనుకోకుండా ఉంటే చాలు.

అమెరికాకు ఎకానమీలో సాధారణంగా 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు ఇస్తారు, కాని అతి చవక టికెట్టులో ఒకటే ఉండవచ్చు, కొనేటప్పుడే చూడండి. రెండు పెట్టెలూ కలిపి 46 అన్న లెక్క కౌంటర్లో చెల్లదు, ఒకటి 25 ఉంటే అక్కడే తెరిచి సర్దమంటారు. ఇంట్లోనే కొక్కెం తూకంతో చూసుకోవాలి. ఎండుకొబ్బరి కుడకలకు త్వరగా నిప్పంటుకుంటుంది కనుక చెక్-ఇన్ లగేజీలో ఒప్పుకోరు. పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. నిమ్మజాతి చెట్లకు వచ్చే తెగులును వ్యాపింపజేసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి, అమెరికా దాన్ని రానివ్వదు. కోడిమాంసం పచ్చడి కూడా అంతే. ఆవకాయ, గోంగూర పచ్చడి, సున్నుండలు సాధారణంగా తీసుకెళ్ళవచ్చు. ఆహారం ఉందా అని అధికారి అడిగితే ఉందనే చెప్పాలి, దాచినప్పుడే జరిమానా.

శంషాబాద్‌కు విమాన సమయానికి మూడున్నర గంటల ముందు చేరుకోండి. కౌంటరు దగ్గర రెండు విమానాల బోర్డింగ్ పాసులూ చేతికి వచ్చాయో లేదో చూసుకుని, పెట్టెకు కట్టిన ట్యాగుపై చివర డాలస్ కోడు డీఎఫ్‌డబ్ల్యూ ఉందని కళ్ళారా చూసి, ట్యాగు రసీదును పాస్‌పోర్టు వెనక అతికించమని అడిగి, అప్పుడే అక్కడినుంచి కదలండి.