సర్వో హైడ్రాలిక్ పరీక్ష యంత్రం – 4వ పాఠం: నమూనాను బిగించడం, విప్పడం

గత పాఠంలో పంపును తక్కువ ఒత్తిడిలో ప్రారంభించి, యాక్చుయేటర్‌ను, అంటే నూనె ఒత్తిడితో కదిలే దండాన్ని, నెమ్మదిగా పైకీ కిందికీ నడపడం నేర్చుకున్నాం. ఈసారి నమూనాను, అంటే లాగి లేదా నొక్కి పరీక్షించే పదార్థపు ముక్కను, గ్రిప్పుల్లో (దాని చివరలను దవడలతో పట్టే భాగాల్లో) బిగించడం, పరీక్ష ముగిశాక క్షేమంగా బయటికి తీయడం చూద్దాం. మన వేళ్లు దవడల దగ్గరికి వెళ్లేది ఈ పనిలోనే కాబట్టి, ప్రతి అడుగుకూ ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇప్పుడు కంట్రోలర్ యాక్చుయేటర్‌ను దేన్ని బట్టి నడుపుతోంది, స్థానాన్ని బట్టా, బలాన్ని బట్టా?

డిస్‌ప్లేస్‌మెంట్ కంట్రోల్‌లో, అంటే స్థానాన్ని బట్టి నడిపేటప్పుడు, నమూనా ఉన్నా లేకపోయినా యాక్చుయేటర్ మనం చెప్పిన చోట నిలబడుతుంది. లోడ్ కంట్రోల్‌లో అలా కాదు. బలాన్ని కొలిచే లోడ్ సెల్ కోరిన విలువ చూపేదాకా అది కదులుతూనే ఉంటుంది. ఒక చివర వదులుగా ఉంటే ఆ విలువ ఎప్పటికీ రాదు కనుక, యాక్చుయేటర్ తన ప్రయాణం చివరిదాకా దూసుకుపోగలదు. అందువల్ల రెండు చివరలూ బిగిసి ఉన్నప్పుడే లోడ్ కంట్రోల్‌కు మారాలి.

బల్లపరుపు నమూనాకు చదును దవడలు, గుండ్రని కడ్డీకి వి ఆకారపు గాడి ఉన్న దవడలు అమర్చి, పళ్లలో ఇరుక్కున్న లోహపు పొట్టును తీగ బ్రష్‌తో తుడవండి. దవడ పొడవులో కనీసం మూడింట రెండు వంతుల మేర నమూనా లోపలికి వెళ్లడం మంచిదని లోహాలను లాగి పరీక్షించే పద్ధతికి అమెరికన్ ప్రమాణమైన ఏఎస్‌టీఎం ఈ8 చెబుతుంది. గ్రిప్పు ఒత్తిడి చాలకపోతే నమూనా జారుతుంది, మితిమీరితే గాజుపీచు మిశ్రమ పదార్థాల వంటివి దవడల దగ్గరే నలిగిపోతాయి.

లోడ్ సెల్ పైన, యాక్చుయేటర్ కింద ఉండే యంత్రంలో ముందు పై గ్రిప్పును బిగించండి. యంత్రం డిస్‌ప్లేస్‌మెంట్ కంట్రోల్‌లో ఉండాలి, నమూనాను దాని మధ్యభాగంలో పట్టుకోవాలి. పట్టుకునే మనిషే గ్రిప్పు స్విచ్ కూడా నొక్కాలని నా గట్టి అభిప్రాయం. ఒకరు పట్టుకుని మరొకరు నొక్కితే మాట అర్థం కావడంలో అరక్షణం తేడా వచ్చినా వేలు నలుగుతుంది. పై చివర బిగిశాక, నమూనా బరువు లెక్కలోకి రాకుండా లోడ్ రీడింగ్‌ను సున్నా చేసి, చేతులు పూర్తిగా తీసేసి, కింది గ్రిప్పును నెమ్మదిగా పైకి తీసుకురండి. నమూనా దవడల నడుమకు సూటిగా రాకపోతే బలవంతంగా బిగించకండి. వంకరగా బిగిసిన నమూనాలో వంపు ఒత్తిడి చేరి ఫలితం పాడవుతుంది.

కింది గ్రిప్పు మూసుకునే క్షణం మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే కొన్ని గ్రిప్పుల్లో దవడలు మూసుకుంటూ నమూనాను పొడవునా కొద్దిగా నెడతాయి. 100 మి.మీ. నిడివి, 50 చదరపు మి.మీ. అడ్డుకోత ఉన్న ఉక్కు నమూనాను 0.05 మి.మీ. కుదిస్తే చాలు, సుమారు 5 కిలోన్యూటన్ల బలం, అంటే 100 మెగాపాస్కల్ ఒత్తిడి పుడుతుంది. చట్రం కొంత ఒదిగి ఆ బలాన్ని తగ్గించినా, సన్నని పలక పరీక్షకు ముందే వంగిపోవచ్చు. కంట్రోలర్‌లో నమూనా రక్షణ సదుపాయం (బిగించేటప్పుడు నమూనా మీద బలం పెరగకుండా చూసేది) ఉంటే దాన్ని తప్పక వాడండి. లేకపోతే గ్రిప్పును వీలైనంత నెమ్మదిగా మూసి, బిగిసిన వెంటనే లోడ్ కంట్రోల్‌కు మారి బలాన్ని మెల్లగా సున్నాకు తీసుకురండి.

విప్పేటప్పుడు వరుస తారుమారవుతుంది: తెగని నమూనా మీద బలాన్ని సున్నాకు దించి, డిస్‌ప్లేస్‌మెంట్ కంట్రోల్‌కు మారినట్లు తెర మీద చూసి నిర్ధారించుకున్నాకే కింది గ్రిప్పు తెరవండి. యాక్చుయేటర్‌ను కిందికి దించి ఆపి, నమూనాను పట్టుకుని పై గ్రిప్పు తెరవాలి. తెగిన ముక్కల అంచులు కత్తిలా ఉంటాయి, పై ముక్క పట్టు వదలగానే జారిపడుతుంది. కోతను తట్టుకునే చేతితొడుగులు వేసుకోండి. గ్రిప్పు గొట్టం దగ్గర నూనె చెమ్మ కనిపిస్తే వేలితో తడమకండి. 21 మెగాపాస్కల్ ఒత్తిడిలో సన్నని చిల్లు నుంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. వెంటనే పంపు ఆపండి.

వచ్చే పాఠంలో నమూనా సాగుదలను కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ అమర్చడం నేర్చుకుంటాం. అంతకుముందు ఒక పనికిరాని ఉక్కు ముక్కను తీసుకుని, అనుభవం ఉన్నవారు పక్కన ఉండగా బిగించి విప్పండి. కింది గ్రిప్పు మూసుకునేటప్పుడు లోడ్ ఎంత వరకు పోయిందో ప్రతిసారీ రాసిపెట్టుకోండి.