వేసవి సెలవుల రోడ్డు ప్రమాదాలపై ఐదు నిమిషాల సినిమా ఎలా తీయాలి

ఊరెళ్లే బండి కదలకముందు చూస్తేనే ఈ సినిమాకు ఫలితం. ఏప్రిల్ నాలుగో వారంలో బడులకు సెలవులిస్తారు కాబట్టి, 15వ తేదీకల్లా పూర్తిచేయండి.

గుద్దుకోవడం, నెత్తురు చూపొద్దు. జనం తల తిప్పుకుంటారు, కారణం బుర్రకెక్కదు. అంతకుముందు ఏం జరిగిందో చూపండి. ఐదు నిమిషాలకు రెండు కారణాలు చాలు: టైరు, నిద్ర.

ఎండకు గాలి పెరుగుతుందని తక్కువ కొట్టించేవాళ్లున్నారు. అది ప్రాణాంతకమైన తప్పు. గాలి తగ్గితే చక్రం తిరిగినప్పుడల్లా టైరు పక్కభాగం నలిగి లేస్తుంది. ఆ నలుగుడుకే వేడెక్కి లోపలి పొరలు విడిపోతాయి. లోపల ఏడుగురు, పైన సామాను ఉంటే మరీ త్వరగా. తెల్లవారుజామున, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచే గేజి పెట్టి, ఆ సీను తీయండి. రోడ్డు మీద తిరిగి వేడెక్కిన టైరు ఎక్కువ చూపిస్తుంది, లెక్క తప్పుతుంది. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఎంత గాలి ఉండాలో చెప్పే అంకె, గేజి ముల్లు ఒకే షాటులో రావాలి. టైరు మీది తయారీ అంకెలూ దగ్గరగా చూపండి: 2319 అంటే 2019లో 23వ వారం.

నిద్రకు మాటలొద్దు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కళ్లు మూతపడితే కారు 83 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు తెర నల్లగా ఉంచి ఇంజను చప్పుడే వినిపించండి. తర్వాత ఖాళీ మైదానంలో ముగ్గుపిండితో 83 మీటర్ల గీత గీసి, ఒక పిల్లాణ్ణి ఆ చివరిదాకా నడిపించండి. మేడ మీంచి, కట్ లేకుండా. నడక నిమిషం పడుతుంది, తగ్గించొద్దు. ఈ సినిమాకు ప్రాణం అదే.

హైవే అంచున కెమెరా పెట్టొద్దు. గుంటూరు-విజయవాడ దారిలోని కృష్ణా నది వారధి, కాజ టోల్‌గేటు కావాలంటే వెనక సీట్లోంచి తీయండి. నడిపేవాళ్లు నటించకూడదు. సంభాషణలన్నీ బండి ఆపి, ఏసీ కట్టేసి తీయాలి. లేకపోతే మైకులో హోరు తప్ప మాట ఉండదు. ఎండలో డ్యాష్‌బోర్డు మీద ఫోను వేడెక్కి ఆగిపోతుంది, ఉదయం ఎనిమిదిన్నరలోపే ముగించండి. రాత్రి బంకులో లైట్లు మినుకుమంటే కెమెరా షట్టరు వేగం 1/50 సెకను పెట్టండి.

చివరి సీనులో దారినపోయేవాళ్లు 108కి ఫోన్ చేయాలి. ఏ ఊరు దాటాక, గుంటూరు వైపా విజయవాడ వైపా, కిలోమీటరు రాయి మీద ఎంతుంది, ఈ మూడూ డైలాగులో ఉండాలి. మోటారు వాహనాల చట్టం 134ఏ ప్రకారం సాయం చేసినవాళ్లపై కేసు ఉండదు, పేరు చెప్పమని పోలీసులు బలవంతం చేయకూడదు. ఇది తెరమీద పది సెకన్లు పెద్దక్షరాల్లో నిలపండి.