అడవిలో చిక్కుకుపోతే తెల్లారేదాకా నెగడు ఆరిపోకుండా చూసుకోవడం ఎలా?

దారి తప్పి అడవిలోనే రాత్రి గడపాల్సి వస్తే చాలామంది చీకటి పడగానే ఎత్తుగా మంట వేస్తారు. చూడ్డానికి ధైర్యంగానే ఉంటుంది. కానీ పోగేసిన కట్టెలన్నీ అర్ధరాత్రికే అయిపోతాయి. చలి బాగా ముదిరేది తెల్లవారుజామున. అప్పటికి మిగిలేది బూడిదే. రాత్రంతా కాపాడేది చిన్న మంట, దాని కింద దండిగా నిప్పులు. అవి తయారు కావాలంటే పని పొద్దుండగానే మొదలుపెట్టాలి.

కట్టెలు పోగేయడం

పొద్దు గూకడానికి కనీసం రెండు గంటల ముందే దిగండి. రాత్రికి చాలనిపించినంత పోగేశాక, ఇంకా అంతకు రెట్టింపు తెచ్చుకోండి. అతి అనిపించినా సరే. చీకట్లో కట్టెల కోసం తిరిగితే కాలు మెలిక పడొచ్చు, పాము మీద అడుగు పడొచ్చు, నెగడు దగ్గరికి తిరిగి రావడమే కష్టం కావచ్చు.

నేల మీద పడి ఉన్న కట్టె తేమ పీల్చుకుని ఉంటుంది. చెట్టుకే ఎండిపోయిన కొమ్మలు, మధ్యలో చిక్కుకుని వేలాడుతున్నవి మేలు. విరిచి చూడండి. ఫట్‌మని విరిగితే ఎండుకట్టె. వంగి, నార లేస్తే పచ్చిది. ఎండిన పెద్ద చెట్టును మాత్రం ఊపొద్దు, పైకొమ్మ నెత్తిన పడుతుంది. పాలు కారే, పేరు తెలియని చెట్ల జోలికి పోకండి. కొన్నిటి పొగ కళ్లకు ప్రమాదం.

చితుకులు, మణికట్టంత లావు కట్టెలు, తొడంత లావు దుంగలు... మూడు కుప్పలుగా పెట్టుకోండి. తేలికపాటి కట్టె త్వరగా అంటుకుని త్వరగా పోతుంది, రాజేయడానికి వాడండి. చేవ ఉన్న బరువైన కట్టె నిదానంగా కాలి మంచి నిప్పులిస్తుంది. దాన్ని రాత్రికి దాచండి. గొడ్డలి లేదని బెంగ వద్దు. పొడవాటి దుంగ నడిమి భాగాన్ని మంట మీద పెడితే అదే రెండు ముక్కలవుతుంది.

చోటు

చుట్టూ 3 మీటర్ల మేర ఎండుటాకులు, గడ్డి ఊడ్చేసి మట్టి కనిపించేలా చేయండి. పైన కొమ్మలు ఉండకూడదు. వాగులోంచి తెచ్చిన రాళ్లను చుట్టూ పేర్చొద్దు. లోపలి తేమ వేడికి ఆవిరై అవి పేలి ముక్కలు ఎగరవచ్చు. గుహలోనో, మూసి ఉన్న టెంట్‌లోనో నిప్పు పెట్టడం అసలు వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మీ వెనక ఒక బండ కానీ, దుంగలు పేర్చిన అడ్డు కానీ ఉంటే సెగ దానికి తగిలి వీపు మీదికి వస్తుంది. లేకపోతే ముఖం కాలుతుంటే వీపు వణుకుతుంది. పక్క మాత్రం మంటకు దాదాపు 2 మీటర్ల దూరంలో వేసుకోండి.

దుంగలు పేర్చడం

రాత్రికి నేను ముందు చెప్పేది జంట దుంగల పద్ధతి. మీ ఒంటి పొడవున్న రెండు దుంగలను పక్కపక్కనే, మధ్య బెత్తెడు సందు వదిలి, గాలి ఆ సందు పొడవునా పోయేలా పెట్టండి. సందు నిండా చితుకులు వేసి అంటించండి. నిప్పులు పడ్డాక మూడో దుంగను పైన ఆనించండి. దుంగలను దగ్గరికి జరిపితే ఒకదాని సెగతో ఇంకొకటి మండుతుంది, దూరం జరిపితే నిదానిస్తుంది. తల నుంచి పాదాల దాకా వెచ్చదనం అందుతుంది.

అంత పెద్ద దుంగలు దొరక్కపోతే నాలుగైదు పొడవాటి కట్టెలను బండి చక్రం ఆకుల్లా పేర్చి, నడుమ మంట పెట్టండి. కాలే కొద్దీ లోపలికి ఎగదోస్తే చాలు.

నేల తడిగా ఉంటే ముందు మణికట్టంత కట్టెలను దగ్గరగా పరిచి, వాటి మీద మంట వేయండి. వానకు తడిసిన కట్టె కూడా చీలిస్తే లోపల పొడిగా ఉంటుంది. మిగతా తడికట్టెలను సెగ తగిలేంత దగ్గరగా, అంటుకోనంత దూరంగా పెట్టి ఆరనివ్వండి.

కునుకు తీసే ముందు

రాత్రంతా మేలుకోవాలని పట్టుబట్టొద్దు. ఒళ్లు అలిసిపోతే తెల్లారి నడవలేరు. చెయ్యి చాచితే అందేలా కట్టెలు పెట్టుకుని పడుకోండి. చలే లేపుతుంది. ఇద్దరు ముగ్గురుంటే వంతులు వేసుకోవడం మేలు.

కట్టెలు తక్కువగా ఉంటే నిప్పుల్ని ఒక్కచోటికి లాగి కుప్ప చేసి, పైన రెండు వేళ్ల మందాన బూడిద కప్పండి. గాలి తక్కువ తగులుతుంది కాబట్టి నిదానంగా కాలుతూ ఉంటాయి. వెచ్చదనం తగ్గుతుంది, కానీ నిప్పు మిగులుతుంది. అగ్గిపుల్లలు అయిపోయినవారికి అదే పెద్ద ఆస్తి.

లేచేసరికి మంట కనిపించకపోతే టెన్షన్ పడకండి. అది నివురుగప్పిన నిప్పే కావచ్చు. పుల్లతో బూడిద పక్కకు తీసి, ఎర్రగా ఉన్నవాటిని ఒకదానికొకటి తగిలేలా చేర్చండి. విడిగా ఉన్న నిప్పు ఆరిపోతుంది, చేరిస్తే కణకణలాడుతుంది. సన్నటి చితుకులు వేసి, నేలకు దగ్గరగా వంగి మెల్లగా, పొడుగ్గా ఊదండి. ఊపిరి తీసేటప్పుడు మొహం పక్కకు తిప్పండి, లేకపోతే పొగంతా లోపలికే. గబగబా ఊదితే బూడిద లేచి కళ్లల్లో పడుతుంది, అంతే.

ఎప్పుడైనా గాలి విపరీతంగా లేచి నిప్పురవ్వలు గడ్డి మీద పడుతుంటే నెగడును చిన్నది చేయండి, అవసరమైతే ఆర్పేయండి. చలిని తట్టుకోవచ్చు, కార్చిచ్చును తప్పించుకోలేం.

తెల్లారాక

నిప్పుల మీద పచ్చి ఆకులు వేస్తే దట్టమైన పొగ వస్తుంది, వెతికేవాళ్లకు దూరం నుంచి కనిపిస్తుంది. త్రికోణంలో మూడు మంటలు పెట్టడం ఆపదలో ఉన్నామని చెప్పే అంతర్జాతీయ సంకేతం.

బయల్దేరే ముందు నీళ్లు పోసి, పుల్లతో కలిపి, మళ్లీ పోయండి. బూడిదకు చేతి వెనకభాగాన్ని దగ్గరగా తెచ్చి, సెగ లేదనుకున్నాక ముట్టుకుని చూడండి. కాస్త వెచ్చగా తగిలినా ఆరనట్టే. పొడిమట్టి కప్పేసి వెళ్లిపోతే సరిపోదు. నిప్పు కింద ఉన్న వేళ్లకు అంటుకుని, ఎక్కడో దూరంగా పైకి లేవగలదు.