అడ్రస్ ఇస్తే మ్యాప్‌లో తప్పు చోటు వస్తోందా? జియోపైలో వచ్చే సమస్యలు - పరిష్కారాలు

అడ్రస్ ఇచ్చి అక్షాంశ రేఖాంశాలు తెచ్చుకోవడం జియోకోడింగ్. అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి అడ్రస్ తెచ్చుకోవడం రివర్స్ జియోకోడింగ్. పైథాన్‌లో ఈ రెండు పనులకూ చాలామంది వాడే లైబ్రరీ జియోపై. దీని దగ్గర సొంత మ్యాప్ ఏదీ ఉండదు. మన ప్రశ్నను ఒక సర్వీసుకు పంపి, అక్కడినుంచి వచ్చిన జవాబును మన చేతికిస్తుంది, అంతే. ఇక్కడ ఆ సర్వీసు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా మీద నడిచే నామినాటిమ్ అనుకుందాం. అందుకే ఏ సమస్య వచ్చినా తప్పు మన కోడ్‌లో ఉందా, సర్వీసు నిబంధనల దగ్గర ఉందా, మ్యాప్ డేటాలోనే ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎర్రర్ చూపించి ఆగిపోయే సమస్యలు ఎలాగోలా దొరికిపోతాయి. ఎర్రర్ ఏమీ లేకుండా తప్పు చోటు తెచ్చిపెట్టేవాటితోనే అసలు టెన్షన్.

మొదటి రిక్వెస్టే వెళ్లడం లేదు

కాన్ఫిగరేషన్ ఎర్రర్ వస్తే కారణం దాదాపు ఎప్పుడూ యూజర్ ఏజెంటే, అంటే మీ ప్రోగ్రామ్ సర్వీసుకు చెప్పుకునే పేరే. నామినాటిమ్‌ను వాడే ప్రతి ప్రోగ్రామూ తన పేరు చెప్పాలి. జియోపై 2.0 నుంచి ఆ పేరు ఇవ్వకపోతే లైబ్రరీయే ఆపేస్తుంది. డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణకు ఇచ్చిన ‘మై అప్లికేషన్’ లాంటి పేర్లను అలాగే కాపీ చేసినా ఒప్పుకోదు. మీ ప్రోగ్రామ్‌కు ప్రత్యేకమైన పేరు ఒకటి పెట్టండి.

టైమౌట్ ఎర్రర్ తరచుగా వస్తుంటే డిఫాల్ట్ గడువు చూడండి. అది 1 సెకను మాత్రమే. దాన్ని 10 సెకన్లు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

సర్టిఫికెట్ వెరిఫై కాలేదనే ఎర్రర్ మ్యాక్‌లో ఎక్కువగా కనిపిస్తుంది. పైథాన్ సైట్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకుని ఉంటే, పైథాన్ ఫోల్డర్‌లోనే ఉండే ‘ఇన్‌స్టాల్ సర్టిఫికెట్స్’ ఫైల్‌ను ఒకసారి నడిపితే చాలు. వెరిఫికేషన్‌నే ఆపేయమని సలహాలు కనిపిస్తుంటాయి, వాటి జోలికి వెళ్లకండి.

కాసేపు బాగానే నడిచి, తర్వాత 429 లేదా 403

ఉచితంగా దొరికే నామినాటిమ్ సర్వర్‌కు సెకనుకు ఒక రిక్వెస్ట్ మించి పంపకూడదు. ఇది ఒక్కో కంప్యూటర్‌కు కాదు, మీ అప్లికేషన్ మొత్తానికీ కలిపి. ఫర్ లూప్‌లో వరసగా పంపేస్తే ముందు 429, అంటే ‘మరీ ఎక్కువగా అడుగుతున్నారు’ అనే ఎర్రర్ వస్తుంది. అయినా ఆగకపోతే 403తో, అంటే ‘అనుమతి లేదు’ అని తలుపు మూసేస్తారు.

రిక్వెస్ట్‌ల మధ్య విరామం ఉంచడానికి జియోపైలో ఉన్న రేట్ లిమిటర్‌తో జియోకోడ్ ఫంక్షన్‌ను చుట్టి, కనీస విరామం 1 సెకను ఇవ్వండి. ఆ విరామం డిఫాల్ట్‌గా 0 ఉంటుంది కాబట్టి రేట్ లిమిటర్ పెట్టి ఊరుకుంటే లాభం లేదు. పని త్వరగా అవుతుందని నాలుగు ప్రాసెస్‌లు తెరిస్తే దేని లిమిటర్ దానిదే, మొత్తం మీద సెకనుకు నాలుగు వెళ్తాయి. ఒకసారి అడిగిన అడ్రస్‌ను మళ్లీ అడగకుండా జవాబులను ఫైల్‌లోనో డేటాబేస్‌లోనో దాచుకోవాలి. యూజర్ ఒక్కో అక్షరం టైప్ చేస్తుండగా సూచనలు చూపించడానికి ఈ సర్వర్‌ను వాడటం నిషిద్ధం. వేలల్లో అడ్రస్‌లు ఉంటే నామినాటిమ్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకోవడమో, డబ్బు కట్టే సర్వీసుకు మారడమో సరైన దారి. విరాళాలతో నడిచే సర్వర్ అది, దాని మీద భారం వేయకుండా ఉండటం మన బాధ్యత.

జవాబుగా నన్ (పైథాన్‌లో ‘ఏమీ లేదు’ అనే విలువ) వస్తోంది

‘నన్‌టైప్ ఆబ్జెక్ట్‌కు లాటిట్యూడ్ లేదు’ అనే ఎర్రర్ ఈ లైబ్రరీ వాడినవాళ్లందరికీ పరిచయమే. అడ్రస్ దొరకనప్పుడు జియోపై ఎర్రర్ ఇవ్వదు, నన్ ఇస్తుంది. మనం అది చూసుకోకుండా లాటిట్యూడ్ అడుగుతాం. ఇఫ్ పెట్టి దాటేస్తే ఎర్రర్ పోతుంది కానీ, ఆ నన్ ఎందుకు వచ్చిందో తెలియదు. దానికి రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయి, వాటిని విడదీయకపోతే డేటా చెడిపోతుంది.

ఒకటి, అడ్రస్ నిజంగానే దొరకలేదు. రెండోది, రేట్ లిమిటర్ ఎర్రర్‌ను మింగేసింది. అది డిఫాల్ట్‌గా రెండుసార్లు, 5 సెకన్ల విరామంతో మళ్లీ ప్రయత్నిస్తుంది. అప్పటికీ కుదరకపోతే ఎర్రర్‌ను పైకి రానివ్వకుండా నన్ ఇచ్చేస్తుంది. అంటే నెట్ పోయినా, సర్వర్ రానివ్వకపోయినా మీ టేబుల్‌లో ‘అడ్రస్ లేదు’ అన్నట్టే కనిపిస్తుంది. ‘స్వాలో ఎక్సెప్షన్స్’ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేసి, ఎర్రర్‌ను మీరే పట్టుకుని, వేరే కాలమ్‌లో రాసుకోండి. ‘దొరకలేదు’, ‘అడగలేకపోయాం’ అనేవి రెండు వేర్వేరు ఫలితాలు. రెండోవాటిని తర్వాత మళ్లీ అడగవచ్చు.

నిజంగానే దొరకని అడ్రస్‌ల విషయంలో తప్పు ఎక్కువగా అతి వివరాలదే. ఫ్లాట్ నంబర్, అంతస్తు, ‘ఫలానా గుడి వెనుక’, ‘బస్టాండ్ ఎదురుగా’ లాంటివి ఉత్తరం అందించే మనిషికి పనికొస్తాయి. మ్యాప్ డేటాలో అవి ఉండవు, ఒక్క అదనపు మాట మొత్తం వెతుకులాటను ఖాళీగా తిప్పి పంపగలదు. ముందు వాటిని తీసేయండి. అప్పటికీ రాకపోతే ఇంటి నంబర్ తీసి వీధితో, వీధి తీసి పేటతో, పేట తీసి ఊరితో ఇలా మెట్టుమెట్టుగా అడగండి. ఏ మెట్టు దగ్గర దొరికిందో తప్పకుండా రాసి పెట్టుకోండి. ఊరి స్థాయిలో దొరికిన పాయింట్‌ను ఇంటి పాయింట్ అనుకుని వాడితే తర్వాత వేసే దూరాల లెక్కలన్నీ తప్పుతాయి.

చాలా అడ్రస్‌లకు ఒకే పాయింట్

ఇది పై సమస్యకు తోబుట్టువు. వీధి దొరకక ఊరు మాత్రమే దొరికితే, ఆ ఊరికి ప్రతినిధిగా పెట్టిన ఒకే పాయింట్ అందరికీ వస్తుంది. పని పూర్తవగానే ఒకే అక్షాంశ రేఖాంశాలు ఎన్ని వరసల్లో ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకే పాయింట్ పదేపదే వస్తే అది దాదాపుగా ఊరి పాయింటే. జవాబులోని ‘రా’ భాగంలో, అంటే సర్వీసు పంపిన అసలు డేటాలో, దొరికిన వస్తువు రకం ఉంటుంది. అది భవనమా, రోడ్డా, పట్టణమా అన్నది చూసి వడపోయండి.

చోటు దొరికింది, కానీ వేరే దేశంలో

పారిస్ ఫ్రాన్స్‌లోనూ ఉంది, అమెరికాలోని టెక్సస్‌లోనూ ఉంది. ఒకే పేరున్న ఊళ్లు చాలా ఉంటే నామినాటిమ్ ప్రాముఖ్యాన్ని బట్టి ఒకదాన్ని ముందు పెడుతుంది. జియోపై ఆ మొదటిదాన్నే ఇస్తుంది. మీ అడ్రస్‌లన్నీ ఒకే దేశానివైతే కంట్రీ కోడ్ ఇచ్చేయండి. ఒకే ప్రాంతానివైతే వ్యూబాక్స్ (ఆ ప్రాంతం చుట్టూ గీసిన దీర్ఘచతురస్రం) ఇచ్చి, ‘బౌండెడ్’ కూడా ఆన్ చేయండి. అది లేకపోతే వ్యూబాక్స్ సిఫారసు మాత్రమే, కట్టడి కాదు. అడ్రస్ ముందే కాలమ్‌లుగా విడిపోయి ఉంటే ఒకే వాక్యంగా కలపకుండా వీధి, ఊరు, రాష్ట్రం, దేశం, పోస్టల్ కోడ్ అని డిక్షనరీగా పంపడం మేలు. అనుమానం ఉన్నచోట ‘ఎగ్జాక్ట్లీ వన్’ను ఫాల్స్ చేస్తే మిగతా అభ్యర్థులూ కనిపిస్తాయి.

పాయింట్ సముద్రంలో పడింది

ముందు అనుమానించాల్సింది వరస తారుమారు. జియోపై ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం తీసుకుంటుంది. మ్యాప్ డేటాను దాచే ఫార్మాట్ అయిన జియోజేసన్‌లో ముందు రేఖాంశం. 2016లో వచ్చిన దాని ప్రమాణం కూడా అదే చెబుతోంది. మ్యాప్ ఆకారాలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ షేప్లీది, మ్యాప్ డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్‌దీ రేఖాంశం ముందుండే వరసే. ఫ్రాన్స్‌లోని పారిస్ సుమారుగా 48.86, 2.35. తారుమారైతే సోమాలియా తీరానికి తూర్పున హిందూ మహాసముద్రంలో పడుతుంది. రేఖాంశం 90 దాటే ప్రాంతాల్లో అయితే జియోపై అక్షాంశం హద్దు దాటిందని ఎర్రర్ ఇచ్చి కాపాడుతుంది. 90 లోపు ఉంటే ఆ కాపలా లేదు. వేరియబుల్స్‌కు ‘ఎ’, ‘బి’ అని కాకుండా ల్యాట్, లాన్ అనే పేర్లు పెట్టి, ఒక లైబ్రరీ నుంచి ఇంకోదానికి వెళ్లే చోట మాత్రమే వరస మార్చండి.

పాయింట్లు ఆఫ్రికా పశ్చిమాన గినీ అఖాతంలో గుంపుగా ఉంటే అవి 0, 0 పాయింట్లు. ఖాళీ విలువల చోట ఎవరో సున్నాలు నింపారు. ఖాళీని ఖాళీగానే ఉంచాలి.

సముద్రంలో కాకుండా పదిఇరవై కిలోమీటర్లు పక్కకు పడితే డిగ్రీలు, నిమిషాల గందరగోళం చూడండి. 40 డిగ్రీల 30 నిమిషాలు అంటే 40.5, 40.30 కాదు. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి ఈ చిన్న పొరపాటు ఖరీదు 22 కిలోమీటర్లు. డిగ్రీలు, నిమిషాల గుర్తులతో రాసిన స్ట్రింగ్‌ను జియోపై పాయింట్ క్లాస్‌కు అలాగే ఇస్తే అదే సరిగ్గా మారుస్తుంది.

రివర్స్‌లో పక్కింటి అడ్రస్ వస్తోంది

నామినాటిమ్ రివర్స్ చేసే పని ఆ పాయింట్‌కు దగ్గరలో ఉన్న తగిన వస్తువును వెతికి దాని అడ్రస్ ఇవ్వడం. మీ భవనం మ్యాప్‌లో లేకపోతే పక్కదే వస్తుంది. ఊరి పేరు చాలనుకుంటే జూమ్ (ఎంత వివరంగా కావాలో చెప్పే సెట్టింగ్) 10 ఇవ్వండి. డిఫాల్ట్ 18 అంటే భవనం స్థాయి. జవాబులో ‘సిటీ’ అనే కీ లేదని ఎర్రర్ వస్తే కంగారు పడకండి, ఊరి పరిమాణాన్ని బట్టి అది టౌన్ కావచ్చు, విలేజ్ కావచ్చు, మునిసిపాలిటీ కావచ్చు. వరసగా అన్నిటినీ చూసి మొదట దొరికినది తీసుకోండి.

అడ్రస్ నుంచి పాయింట్‌కు, పాయింట్ నుంచి మళ్లీ అడ్రస్‌కు వెళ్తే మొదటి అడ్రస్ అక్షరం పొల్లుపోకుండా రావాలని ఆశించకండి. ఊరు, దేశం కలిశాయా అని మాత్రమే పోల్చండి. ఆ పాయింట్‌కూ ఉండాల్సిన ఊరి కేంద్రానికీ మధ్య దూరాన్ని జియోపైలోని జియోడెసిక్ ఫంక్షన్‌తో కొలిచి, హద్దు దాటినవాటిని కళ్లతో చూడండి.

తెలుగులో అడిగితే దొరకడం లేదు, తెలుగులో రావడం లేదు

లాంగ్వేజ్ సెట్టింగ్‌కు తెలుగు కోడ్ ఇస్తే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరు నమోదైన చోట్లకే తెలుగులో వస్తుంది, మిగతావి వేరే భాషలో వస్తాయి. తెలుగు లిపిలో వెతికినా అంతే. ప్రస్తుతానికి ఇంగ్లిష్ లిపిలో ఇంకోసారి అడగడమే దారి. మీకు తెలిసిన ఊళ్లకు, వీధులకు తెలుగు పేర్లను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీరే చేర్చవచ్చు. ఖాతా తెరవడం ఉచితం.