జేబులో పట్టే మంచి మడత చాకు తక్కువ ఖర్చులో ఎలా దొరికిందంటే (నా అనుభవం)

మా పలాస వైపు తోట పనులవాళ్లు తరచూ అడుగుతున్నారని రాస్తున్నాను. తాళ్లు, గోనెసంచులు, డ్రిప్ పైపులు కోయడానికి కొన్న చాకులు నాలుగు రోజులకే మొద్దుబారేవి, మడత దగ్గర వదులయ్యేవి. సంతలో చాకు, ఆన్‌లైన్ చాకు, మల్టీటూల్ ఏదీ నిలవలేదు.

చివరికి పాత ఇనప సామాను కొట్టులో లారీ కమాన్ పట్టీ (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీ) ముక్క కొన్నాను. పగుళ్లు లేనిదే ఏరుకోవాలి. కొడవళ్లు చేసే కమ్మరి బాబాయి దాన్ని పలచగా సాగగొట్టాడు. రివెట్ రంధ్రం అప్పుడే వేయించాలి, గట్టిపడ్డాక డ్రిల్లు దిగదు. తర్వాత ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు పగలొచ్చు. ఆపైన ఆకురాయి (ఫైలు) పెట్టి రుద్దితే గీరకుండా జారిపోవాలి. గీరితే ఉక్కు గట్టిపడనట్టే, మళ్లీ కాల్చి ముంచాలి.

అసలు కీలకం దీని తర్వాత ఉంది. బ్లేడు తెల్లగా మెరిసేలా రుద్ది, లేత ఎండుగడ్డి రంగు (లేత పసుపు) వచ్చేదాకా మెల్లగా వేడి చేయించాను. తొందరలో చాలామంది ఇది వదిలేస్తారు, అప్పుడు అంచు పెళుసుగా ఉండి విరుగుతుంది. దయచేసి దగ్గరుండి చేయించండి. ఆపైన తుమ్మ పిడి, రెండు పక్కలా ఇత్తడి వాషర్లు, ఒక్క రివెట్.

దీనికి లాక్ ఉండదు, పొడిచే పనికి వాడితే వేళ్ల మీదికి మూసుకుంటుంది. సముద్రపు గాలికి తుప్పు పడుతుంది కాబట్టి కొబ్బరినూనె రాస్తున్నాను. కమాన్ ఉక్కు అన్ని బండ్లకీ ఒకటే కాదు, మీకూ ఇలాగే కుదురుతుందని గ్యారంటీ ఇవ్వలేను. మీ కమ్మరికి మడత పని అలవాటు లేకపోతే బ్లేడు వరకే చేయించి, పిడి వడ్రంగి దగ్గర బిగించుకోండి.