దమ్ము తర్వాత లిఫ్ట్ మొరాయిస్తే ముందు ఆయిల్ చూడండి

మినీ ట్రాక్టర్‌తో దమ్ము చేశాక, వెనక పనిముట్టును ఎత్తే హైడ్రాలిక్ లిఫ్ట్ నెమ్మదిగానో కుదుపులతోనో లేస్తుంటే, పంపు పోయిందని వెంటనే విప్పించకండి. చాలా మోడళ్లలో గేర్‌బాక్స్‌కీ హైడ్రాలిక్‌కీ ఆయిల్ ఒక్కటే. బండిని చదునైన చోట ఆపి, లిఫ్ట్ కిందికి దించి, ఇంజన్ ఆపి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీయండి.

ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరినట్టే. మొత్తం తీసేయాల్సిందే, పైన కాస్త కొత్తది పోస్తే సరిపోదు. దానికంటే ముందు నీళ్లు ఎటునుంచి వచ్చాయో పట్టుకోండి: యాక్సిల్ సీళ్లు, బ్రీదర్ (గేర్‌బాక్స్‌లోకి గాలి ఆడే చిన్న రంధ్రం), గేర్ రాడ్ కింది రబ్బరు బూటు. సీలు మార్చకుండా ఆయిల్ మారిస్తే డబ్బు దండగ, మళ్లీ మడిలో దిగగానే అదే కథ.

నురగ కనిపిస్తే లెవెల్ తగ్గిందేమో, పంపుకి ఆయిల్ తెచ్చే సక్షన్ పైపు గాలి పీలుస్తోందేమో చూడండి. ఆ పైపు అతుకులోని రబ్బరు ఓ-రింగు గట్టిపడినా అంతే. లెవెల్ బాగుండి కూడా పంపు కూత పెడుతుంటే నా అనుమానం స్ట్రెయినర్ (ఆయిల్‌ని వడకట్టే జల్లెడ) మీదే. తీసి డీజిల్‌తో కడిగి, బాగా ఆరాక బిగించండి. అందులో మెత్తటి ఇనుప పొడి కొంచెం ఉండటం మామూలే. గోటికి తగిలే ముక్కలుంటే మాత్రం బండి నడపకుండా మెకానిక్‌కి చూపించండి.

ఆయిల్ బ్రేకులున్న (ఆయిల్‌లో మునిగి పనిచేసే బ్రేకులున్న) బండికి, దాంతో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడే పోయండి. ఇంట్లో మిగిలిన ఇంజన్ ఆయిల్ వద్దు.