పగడాల తొట్టికి నీటి సిద్ధత, వడపోత

ఇంట్లో పగడాల అక్వేరియం పెట్టదలచినవారు ఫిల్టర్ కొనడానికి ముందే నీటి సంగతి తేల్చుకోవాలి. బోరు నీటిలో, కుళాయి నీటిలో ఉండే నైట్రేట్లు, సిలికేట్లు నాచును పెంచుతాయి; క్లోరిన్, రాగి జీవులకు నేరుగా హాని చేస్తాయి. వంటింటి ఆర్‌వో నీళ్లు సరిపోతాయనుకోవడం పొరపాటు, ఎందుకంటే రుచి కోసం వాటిలో ఖనిజాలను మళ్లీ కలిపే యంత్రాలు చాలా ఉన్నాయి. ఆర్‌వో తరువాత డీఐ రెజిన్ (నీటిలో మిగిలిన అయాన్లను పట్టే గుళికలు) గుండా కూడా వెళ్లి, టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాల మొత్తం) మీటరు సున్నా చూపే నీటిలోనే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని కరిగించి, విశిష్ట సాంద్రతను 1.025–1.026 వద్ద ఉంచాలి.

వడపోతలో అసలు బరువు మోసేది లైవ్ రాక్, అంటే సూక్ష్మజీవులు నివసించే రంధ్రాల రాయి. దాని రంధ్రాల్లో స్థిరపడిన బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బాక్టీరియా తగినంతగా పెరగడానికి సాధారణంగా 4–6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు చేరేవరకు ఒక్క చేపను కూడా వదలకూడదు.

ప్రోటీన్ స్కిమ్మర్‌లో సన్నని బుడగలకు అంటుకున్న వ్యర్థం నురగై పైనున్న గిన్నెలో చేరుతుంది. అది చిక్కని డికాషన్ రంగులో, ముక్కు మూసుకోవలసినంత వాసనతో ఉంటే యంత్రం బాగా పనిచేస్తున్నట్టే. లేత టీలా పలుచగా నిండుతుంటే లోపలి నీటిమట్టం కొద్దిగా తగ్గించాలి.

ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. అందువల్ల రోజూ తగ్గినంత మేర ఉప్పు కలపని శుద్ధజలమే పోయాలి. ఎండాకాలంలో, ముఖ్యంగా తొట్టిపై ఫ్యాను తిరుగుతుంటే, ఈ పని ఒక్కరోజు కూడా మానరాదు. క్షారత 8–9 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) మధ్య ఏ అంకె వద్ద ఉన్నా పరవాలేదు, రోజుకొక తీరుగా మాత్రం మారకూడదు.